తీగచుట్టే కదా అనుకోకండి!

విద్యుత్ కార్ల గురించి నలుగురు మాట్లాడుకుంటుంటే వినండి. బ్యాటరీ ప్రస్తావన వస్తుంది, మోటారు ప్రస్తావన వస్తుంది, చిప్‌ల ప్రస్తావనా వస్తుంది. ఇండక్టర్ ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు. అది ఒట్టి రాగి తీగచుట్టే కదా అని తేలికగా తీసేస్తారు. ఇది సరికాదని నా అభిప్రాయం.

విద్యుదయస్కాంత ప్రేరణను 1831లో మైకేల్ ఫారడే వెల్లడించాడు. అమెరికాలో జోసెఫ్ హెన్రీ కూడా విడిగా దాన్ని కనుగొన్నాడు. ప్రేరకత్వానికి ప్రమాణమైన 'హెన్రీ' ఆయన పేరే. తనలో ప్రవహించే విద్యుత్తు మారబోతే తీగచుట్ట ఆ మార్పును ఎదిరిస్తుంది. బరువెత్తిన ఎద్దుబండిని తలచుకోండి. దాన్ని కదిలించడమూ కష్టమే, కదిలాక ఆపడమూ కష్టమే.

ఈ గుణంతో కారులో పనేమిటి? చాలా విద్యుత్ కార్లలో పెద్ద బ్యాటరీ కొన్ని వందల వోల్టులది. దీపాలకు, హారన్‌కు కావలసినవి 12 వోల్టులే. వోల్టేజిని తగ్గించడానికి ఎలక్ట్రానిక్ స్విచ్‌లు ప్రవాహాన్ని సెకనుకు వేలసార్లు తెంచి తెంచి పంపుతాయి. ప్రవాహం వచ్చినప్పుడు చుట్ట కొంత శక్తిని అయస్కాంత క్షేత్రంలో దాచుకుంటుంది, ఆగినప్పుడు తిరిగి ఇస్తుంది. అందువల్ల తునకలుగా వచ్చిన విద్యుత్తు నిలకడైన ధారగా మారుతుంది.

ఇప్పుడు చిన్న లెక్క వేద్దాం. 12 వోల్టుల వద్ద 1,200 వాట్లు కావాలంటే 100 ఆంపియర్లు పారాలి. చుట్ట నిరోధం ఓమ్‌లో వెయ్యో వంతు అనుకోండి. 10 ఆంపియర్ల వద్ద అందులో వేడిగా పోయేది 0.1 వాటు. 100 ఆంపియర్ల వద్ద ఏకంగా 10 వాట్లు! ప్రవాహం పదిరెట్లయితే వేడి వందరెట్లయింది. అందుకే ఇక్కడ సన్నతీగ పనికిరాదు. మందపాటి రాగిపట్టీ వాడతారు.

ఇంకో చిక్కుంది. ప్రవాహం హద్దు మీరితే చుట్ట మధ్యనున్న కోర్ అయస్కాంతత్వంతో సంతృప్తమవుతుంది. అప్పుడు ఎదిరించే గుణం పడిపోయి, ప్రవాహం ఒక్కసారిగా ఎగబాకి స్విచ్‌లు కాలిపోవచ్చు. దీన్ని నివారించడానికి కోర్‌లో సన్నని గాలిసందు వదులుతారు. లేదా ఇనుపపొడిని అదిమి కోర్ తయారుచేస్తారు.

స్విచ్‌ల వేగం పెంచితే చుట్టను చిన్నది చేయవచ్చు కదా అంటారేమో. నిజమే. కాని వేగం పెరిగేకొద్దీ కోర్‌లోనూ తీగలోనూ శక్తినష్టం పెరుగుతుంది. ఎంత గొప్ప చిప్ వచ్చినా ఫారడే నియమాన్ని తప్పించుకోలేదు.

మనమేమో లెంజ్ నియమాన్ని రెండు మార్కుల కోసం బట్టీపట్టి, పరీక్ష కాగానే మరచిపోతున్నాం. ఈ పద్ధతి మారాలి. ప్రతి విద్యార్థీ ఒక్క చుట్టనైనా తన చేత్తో చుట్టాలి. ఇనుప మేకుకు ఎనామిల్ పూసిన రాగితీగను నూరు చుట్లు చుట్టండి. చివరలు గీకి, మీ ఉపాధ్యాయుని ఎదుట ఒకే ఒక్క టార్చి సెల్‌కు క్షణంసేపు తాకించి తీయండి. చీకటిగా ఉంటే, తీసేటప్పుడు చిన్న నిప్పురవ్వ కనిపించవచ్చు. ప్రవాహాన్ని ఆగనివ్వనని చుట్ట మొరాయించడమే అది! ఇంటి కరెంటుతోగాని, వాహనాల బ్యాటరీతోగాని ఈ ప్రయోగం ఎన్నడూ చేయకండి.

రేపటి వాహనాలకు ఇండక్టర్లు రూపొందించేవారు మీలోంచే రావాలి. ఆ చదువు ఈ మేకుతో, ఈ తీగతో ఇవాళే మొదలుపెట్టవచ్చు.