మోటారుబండిలో మంద్రస్వరము

మోటారుబండి కొన్న యింట తండ్రికి పెట్రోలు వ్యయమును గూర్చిన చింతయు, కుమారునికి సంగీతయంత్రమును గూర్చిన చింతయు నుండుట మన సికిందరాబాదులో సామాన్యమే. “ఉన్న స్పీకర్లు చాలవు, సబ్‌వూఫరు కావలయును” అని కుమారుడు కోరును. తండ్రి రాణీగంజులోని మోటారు సామానుల యంగళ్లకు బోయి, పెట్టెమీద నెంత పెద్ద సంఖ్య ముద్రింపబడియున్న నంత మేలైన వస్తువని నమ్మి ధనమిచ్చి వచ్చును. ఈ పద్ధతి సరియైనది కాదనియు, సంఖ్యకు గాక పొందికకు ధనము వెచ్చింపవలెననియు నా యభిప్రాయము.

కుమారుని కోరిక యసమంజసమని చెప్పను. మనుష్యుని చెవి సెకనుకు 20 మొదలు 20,000 వరకు గల కంపనములను వినగలదు. మృదంగముయొక్క యెడమప్రక్క నాదమును, పెద్ద ఆర్గనులో 16 అడుగుల గొట్టము పలుకు సుమారు 33 కంపనముల స్వరమును, తలుపులో నమర్చిన చిన్న స్పీకరు చక్కగా పలుకజాలదు. మంద్రస్వరమునకు గాలిని విశేషముగా కదల్పవలెను. అందులకు వెడల్పైన శంకువును, ముందు వెనుకల తరంగములు కలిసి యొకదానినొకటి చంపుకొనకుండ నాపు పెట్టెయు కావలెను.

ఇక వాట్ల మాట. పెట్టెమీది “1000 వాట్లు” తరచుగా క్షణమాత్రము నిలుచు శక్తియే. ఎడతెగక యీయగల శక్తిని, అనగా ఆర్. ఎం. ఎస్. సంఖ్యను అడుగవలెను. అమెరికా దేశమున గృహములలోని ఆంప్లిఫైయర్లకు 1974లోనే యిట్టి నిబంధన యేర్పడెను. మోటారుబండి ఆంప్లిఫైయర్లకు 2003లో నచ్చటి పరిశ్రమవారు 14.4 వోల్టులు, 4 ఓములు, నూటికి 1 వంతు వికృతి యను కొలతను స్వచ్ఛందముగా నేర్పరచుకొనిరి. శక్తిని రెట్టింపు చేసినను ధ్వని హెచ్చునది 3 డెసిబెల్లులే. చెవికి రెట్టింపుగా తోపవలెనన్న సుమారు పదిరెట్లు శక్తి కావలెను. 300 వాట్లకును 600 వాట్లకును గల భేదము బిల్లులో స్పష్టముగా కనబడును గాని చెవికి కొంచెమే తెలియును.

సబ్‌వూఫరు 300 వాట్లదైనచో, దాని ఓముల యొద్ద సుమారు 300 వాట్లు నిలుకడగా నిచ్చు ఆంప్లిఫైయరే దానికి తగినది. 4 ఓముల సబ్‌వూఫర్లు రెండింటిని సమాంతరముగా కలిపిన 2 ఓములగును, శ్రేణిగా కలిపిన 8 ఓములగును. 4 ఓములకు తక్కువ సహింపని యంత్రమునకు 2 ఓములు తగిలించిన నది కాగి ఆగిపోవును, లేదా కాలిపోవును. బలహీనమైన ఆంప్లిఫైయరును మితిమీరి మోగించుటయు చేటే. అప్పుడు తరంగముల శిఖరములు కోసినట్లు చదునగును. 150 వాట్ల యంత్ర మా స్థితిలో 300 వాట్లకు చేరువగా పంపగలదు గావున, 200 వాట్ల స్పీకరులోని తీగచుట్ట మాడవచ్చును. గెయిను మర ధ్వనిని పెంచుటకు గాదు, ముందున్న రేడియోతో పొందిక చేయుటకు. భౌతికశాస్త్రము చదువు విద్యార్థులు లెక్క వేయవచ్చును: 300 వాట్లను 4 ఓములతో గుణించి వర్గమూలము తీసిన సుమారు 34.6 వోల్టులు. స్పీకరును విప్పి, 50 కంపనముల స్వరమును మ్రోగించి, మల్టీమీటరు ఆ సంఖ్యను చూపగానే మరను విడువవలెను.

ఆ శక్తి యంతయు బ్యాటరీనుండియే రావలెను గదా! సగము శక్తిని వేడిగా పోగొట్టుకొను ఆంప్లిఫైయరు 300 వాట్ల నిచ్చుటకు 600 వాట్లు, అనగా 14 వోల్టుల యొద్ద 43 ఆంపియర్లు, లాగుకొనును. దానికి మందమైన రాగితీగయు, బ్యాటరీకి అడుగున్నర లోపల ఫ్యూజును ఉండవలెను. ఇనుపరేకును దాటుచోట తీగ యొరసికొని తొడుగు పోయినచో బండికే నిప్పంటుకొనవచ్చును. రెండవ స్పీకరు కొనుటకు ముందు మొదటిదానికి ఫ్యూజున్నదా యని తల్లిదండ్రు లడుగుట మేలు. చిత్రమేమనగా, ఖర్చు తగ్గింపుమనిన మొదట మాయమగునది ఆ ఫ్యూజే!

మూసిన బండిలో 10 అంగుళముల సబ్‌వూఫ రొక్కటి మామూలు కుటుంబమునకు చాలును. 85 డెసిబెల్లులను దినమునకు 8 గంటలు సహింపగల చెవి, 100 డెసిబెల్లులను 15 నిమిషములే సహించునని వైద్యశాస్త్రజ్ఞుల లెక్క. మంద్రస్వరము గోడలను సులభముగా దాటును. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనల ననుసరించి, పాఠశాలలకును ఆసుపత్రులకును చుట్టు 100 మీటర్లవరకు నిశ్శబ్దమండలముగా నేర్పరుపవచ్చును. నివాసస్థలములలో రాత్రి 10 గంటలు మొదలు ఉదయము 6 గంటలవరకు పరిమితి 45 డెసిబెల్లులు. పరీక్షలకు చదువుకొను పిల్లలున్న వీధిలో నదియు నెక్కువయే.