దారిలో గాయపడిన మూగజీవము

మన పాఠశాలకు వచ్చు బాలబాలికలలో పలువురు రహదారి వెంట నడచియో, సైకిలుపైననో, ఆటోలోనో వచ్చుచున్నారు. బండి తగిలి కాలు విరిగిన కుక్కయో, లేవలేక పడియున్న లేగదూడయో వారి కంట బడుచునే యుండును. అప్పుడు ఆగవలెనా, సాగిపోవలెనా? ఇది స్వల్పవిషయమని కొందరు తలంతురు. మేమట్లు తలంపము. బాలుని మనస్సు దయకు అలవాటుపడుటయు, మొద్దుబారుటయు ఇట్టి ఘడియలలోనే జరుగుచుండును.

జాలి బొత్తిగా లేనివారు అరుదు. చూచినవారెల్లరు "అయ్యో" యందురు, అయినను ఆగరు. పనికి వేళయైనదని యొకరు, కొట్టినది మన బండి కాదుగదా యని యొకరు, ఎవరో ఒకరు చూచుకొందురులే యని యొకరు, ఎట్లును బ్రతుకదని మరియొకరు చెప్పుదురు. ఆ "ఎవరో ఒకరు" అను మనుష్యుడు ఆ దారిని ఎన్నడును రాడు. బ్రతుకునో బ్రతుకదో చెప్పవలసినవాడు వైద్యుడు గాని దారిన పోవువాడు కాడు. ఒకవేళ చావు తప్పనిదే యైనను, మరియొక చక్రము క్రింద పడకుండ దానిని కాపాడుట వ్యర్థము కాదు.

ఈ విషయమున మన పెద్దల గ్రంథములు సందేహమునకు తావీయలేదు. నిర్గమకాండము 23వ అధ్యాయమున, పగవాని గాడిద బరువు క్రింద పడియున్నను విడిచిపోక సాయపడవలెనని యున్నది. భారతమున ధర్మరాజు తన వెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గమునకు పోనొల్లడయ్యెను.

చట్టము మాత్రము కొంత వెనుకబడియున్నది. ప్రమాదము జరిగినప్పుడు బండి నిలుపుటను గూర్చి 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము 132వ సెక్షనులో చెప్పబడినది. అందు జంతువనగా గుఱ్ఱము, పశువు, ఏనుగు, ఒంటె, గాడిద, కంచరగాడిద, గొఱ్ఱె, మేక యని వివరించిరి. కుక్కకు గాని పిల్లికి గాని ఆ పట్టికలో చోటు లేదు. అయితే 1976లో 42వ సవరణచే రాజ్యాంగమున చేరిన 51ఏ అధికరణము, ప్రాణులయెడల దయ చూపుట పౌరుని కర్తవ్యములలో నొకటి యని చెప్పుచున్నది. అందు ఏ ప్రాణియు వేరుచేయబడలేదు.

ఇక కరచునేమో యను భయము మాత్రము సాకు కాదు. అది న్యాయమైన భయమే. నొప్పితో నున్న జంతువు పెంచినవానినైనను కరువవచ్చును. రేబిస్ వ్యాధి లక్షణములు పైకి కనబడిన పిమ్మట బ్రతుకుట దాదాపు లేదు. కావున కరచినను, గీరినను ఆ గాయమును వెంటనే సబ్బుతోను పారునీటితోను 15 నిమిషములు కడిగి, ఆలస్యము చేయక ఆసుపత్రికి పోయి టీకా వేయించుకొనవలెను. చేతులు కాలిన పిమ్మట ఆకులు పట్టుకొని ప్రయోజనము లేదు.

అందుచేత మా అభిప్రాయమిది: ఆగుట వేరు, చేయి వేయుట వేరు. ఆగుట అందరి పని; చేయి వేయుట తెలిసిన పెద్దల పని. బాలబాలికలారా, మీరు దారి ప్రక్కన నిలిచి, చోటు గుర్తుపెట్టుకొని, దగ్గరనున్న పెద్దవారిని పిలువుడు. జంతువును ముట్టకుడు, రోడ్డు నడుమకు పరుగెత్తకుడు. పెద్దలు ముందుగా వచ్చు బండ్లను దూరమునుండియే హెచ్చరింపవలెను. కాళ్లు పట్టి యీడ్వక, గోనెపట్టాపైననో పలకపైననో మెల్లగా ప్రక్కకు చేర్పవలెను. స్పృహ లేనిదాని నోట నీరు పోయరాదు. తెలుగు రాష్ట్రములలో 1962 అను సంఖ్యకు ఫోను చేసినచో సంచార పశువైద్య వాహనమువారికి వార్త అందును. పశువులకది మిక్కిలి యుపయోగకరము. వేగముగా బండ్లు పోవు రహదారిపై రాత్రివేళ ఆగుటయే అపాయమైనచో, సురక్షితమైన చోట నిలిచి ఫోను చేయుటయు సహాయమే.

కాని పిల్లవాడు పిలిచినప్పుడు పెద్దవారు పలుకకున్నచో ఈ బోధ యంతయు నిష్ఫలము. తలిదండ్రులారా, "నీకెందుకురా, పద" యని మీరు చేయి పట్టి లాగిన నాడు, బడిలో ఏడాదిపాటు మేము చెప్పిన నీతిపాఠము చెఱిగిపోవును. ఉపాధ్యాయులమైన మాకును ఇందు బాధ్యత కలదు. ఇట్టి కారణముచే ఆలస్యముగా వచ్చిన విద్యార్థిని తరగతి బయట నిలువబెట్టుట న్యాయము కాదు. మొదట వాని మాట వినవలెను. పిదప ఒకరు ఆ చోటికి పోయి చూడవలెను. దీనిని నెపముగా చేసికొని కొందరు ఆలస్యముగా వత్తురని ఆక్షేపింపవచ్చును. పోయి చూచినచో నిజమేదో తేలును. ఒకడు బొంకునను భయముతో తక్కినవారికెల్ల తప్పుకొనిపోవుట నేర్పుట విద్య కాజాలదు.

హాజరుపట్టీలో వేళ తప్పకుండుట మంచి యలవాటే. అయినను, మూలుగు విని నిలిచిన బాలుడు బడికి పది నిమిషములు ఆలస్యముగా వచ్చెనేమో గాని, నేర్వవలసిన పాఠమునకు మాత్రము ఆలస్యము కాలేదు. అట్టి బాలునికి మన పాఠశాల ద్వారము తెఱచియుండుగాక.