రక్తబీజుల లెక్క

కాగితం, పెన్సిలు, పాచికలతో బల్ల చుట్టూ కూర్చుని ఆడే పాత్రధారణ ఆటల్లో ఆద్యమైనది డంజన్స్ అండ్ డ్రాగన్స్. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికన్లు దీన్ని వెలువరించారు. ఆటగాళ్ళు తలో పాత్ర ధరించి కథ నడుపుతుంటే, డంజన్ మాస్టర్ అనే నిర్వాహకుడు లోకాన్నీ, రాక్షసులనూ, తీర్పులనూ చూసుకుంటాడు. ఈ ఆటలో ఎన్నాళ్ళయినా తెగని తగువు ఒకటుంది. తాము చంపినవారిని తమలాగే మార్చుకునే ప్రేతాల నియమాన్ని ఎలా చదవాలన్నదే ఆ తగువు. నియమం తప్పని కొట్టివేసేవారు కొందరు, అక్షరం ఉంది కనుక ఏమైనా చెయ్యవచ్చుననేవారు మరికొందరు. నియమాన్ని మార్చనక్కరలేదనీ, చివరిదాకా చదివితే చాలుననీ నా వాదన.

2003లో వచ్చిన మూడున్నర కూర్పునే తీసుకుందాం. అందులో వైట్ అనే ప్రేతం ఉంది. తెలుపు రంగుకూ దీనికీ సంబంధం లేదు. శవరూపంలో తిరిగే పిశాచమిది. దీని చేతిలో మరణించిన ఏ హ్యూమనాయిడ్ అయినా, మనిషి గానీ గోబ్లిన్ గానీ, ఒకటి నుంచి నాలుగు రౌండ్లలో తానూ వైట్ అయి లేస్తుంది. రౌండంటే ఆరు సెకన్లు. అంటే గడువు 6 నుంచి 24 సెకన్లు. బతికి ఉన్నప్పటి విద్యలేవీ దానికి మిగలవు. తనను చంపిన వైట్ నశించేదాకా దానికి దాస్యం చేస్తుంది. రెయిత్, స్పెక్టర్‌లదీ ఇదే పద్ధతి. షాడో అనేది మాత్రం బలాన్ని పీలుస్తుంది. బలం సున్నాకు దిగినవాడు అంతే వ్యవధిలో షాడోగా మారి, చంపినదాని అదుపులోకి పోతాడు.

ఇక్కడ మనకు రక్తబీజుడు గుర్తుకు రాక మానడు. ఒక పల్లెలోకి ఒకే ఒక్క షాడో వచ్చిందనుకోండి. ఉన్న ప్రతి షాడో నిమిషానికొకరిని పొట్టన పెట్టుకుంటే, పది నిమిషాల్లో వాటి సంఖ్య 1024. మామూలు ఇనుప కత్తి ఆ ఛాయాశరీరానికి తగలదు కనుక, మంత్రించిన ఆయుధం లేని ఊరికి దిక్కు లేదు. మరి ఆ లోకంలో ఇంకా జనం ఎలా మిగిలారని మొదటి పక్షం అడుగుతుంది. ప్రశ్న న్యాయమైనదే. కానీ నియమం ఆ ప్రేతానికి ఉన్న శక్తిని చెబుతుందే తప్ప దాని దినచర్యను చెప్పదు. రెయిత్, స్పెక్టర్‌లు ఎండలో నిర్వీర్యమవుతాయని అదే గ్రంథం చెబుతోంది. పైగా ఆ వాక్యాలు చీకటి నేలమాళిగలో నలుగురైదుగురు సాహసికులు ఒక ప్రేతానికి ఎదురుపడిన క్షణం కోసం రాసినవి, జనాభా లెక్కల కోసం కాదు.

ఇక వైరుధ్యాల సంగతి. జీవశక్తిని పీల్చడం గురించిన సామాన్య ప్రకరణంలో, అలా చచ్చినవాడు మర్నాటి రాత్రి లేస్తాడని ఉంది. వైట్ వర్ణనలోనేమో కొన్ని సెకన్లే. ఏది ప్రమాణం? సామాన్యం కన్నా విశేషం బలవత్తరమని మన మీమాంసకులు ఏనాడో తేల్చారు. ఈ ఆటవారూ 2014 నాటి ఐదవ కూర్పులో అదే సూత్రాన్ని నేరుగా చెప్పుకున్నారు. కనుక వైట్‌కు సెకన్లే. విడిగా గడువు చెప్పని చోట మర్నాటి రాత్రి.

రెండవ పక్షంవారి యుక్తి మరొకటి. దుష్టదైవాన్ని కొలిచే పూజారి పాత్రధారి ఒక షాడోను లోబరుచుకుంటాడు. అది కొందరిని చంపి తన అదుపులో పెట్టుకుంటుంది, అవి మరికొందరిని. పూజారికున్న పరిమితి తాను స్వయంగా లోబరుచుకున్నవాటికే కనుక, కింది సైన్యమంతా ఉచితమేనని లెక్క. అక్షరం దీన్ని ఒప్పుకుంటుందనే నేనూ అంటాను. కానీ అదే అక్షరం ప్రకారం ఆ సంతతి పూజారికి బానిస కాదు, తనను చంపినదానికి బానిస. యజమాని నశిస్తే ఏమవుతుందో షాడో వర్ణనలో లేదు. వైట్, రెయిత్‌ల వర్ణనల్లో ఉంది: దాస్యం తీరుతుంది. చెప్పని చోటికి చెప్పిన చోటు నుంచి ధర్మాన్ని తెచ్చుకోవడాన్ని మీమాంసలో అతిదేశం అంటారు. ఆ ప్రకారం పై షాడో ఒక్కటి నశిస్తే, కింద ఉన్నవాటికి పూజారితో ఉన్న లంకె తెగుతుంది. అవి నశించవు, స్వేచ్ఛ పొందుతాయి. యజమానిని చంపితే పరివారమంతా బూడిదవుతుందన్నది సినిమాలు నేర్పిన నమ్మకం. ఈ గ్రంథంలో లేదు. నియమాన్ని సగం చదివినవాడికి సైన్యం కనిపిస్తుంది, పూర్తిగా చదివినవాడికి తన మీదికే తిరగగల గుంపు కనిపిస్తుంది.

ఇంతవరకూ తర్కం. అసలు నష్టం ఎవరికన్నది చూడాలి. రెండేళ్ళుగా పెంచుకున్న పాత్ర వైట్ చేతిలో పడిపోతే ఆ ఆటగాడికి మిగిలేది 24 సెకన్లు. చచ్చినవారిని లేపే రెయిజ్ డెడ్ మంత్రానికే ఒక నిమిషం కావాలి. ప్రేతంగా మారినవారి మీద అది అసలు పనిచెయ్యదు. అంతకు మించిన రిసరెక్షన్ పనిచేస్తుంది గానీ, ముందు ఆ ప్రేతాన్ని నాశనం చెయ్యాలి. అంటే మిత్రుణ్ణి బతికించుకోవాలంటే, మిత్రుడి రూపంలో లేచినదాన్ని తమ చేతులతో చంపాలి.

అందుకే "వైట్ చేతిలో మరణించిన" అన్న విశేషణాన్ని ఖచ్చితంగా పాటించాలంటాను. ప్రాణం తీసిన దెబ్బ వైట్‌ది కాకపోతే ఆ శవం శవంగానే ఉంటుంది, రెయిజ్ డెడ్‌కు అందుతుంది. కొన ఊపిరితో ఉన్న స్నేహితుణ్ణి పిశాచానికి వదలాలా, తన కత్తితోనే ముగించాలా? ఇంత కఠినమైన నిర్ణయం ఆ బల్ల దగ్గర అరుదుగా వస్తుంది. ఉదారంగా చదివితే అది పోతుంది.

ఐదవ కూర్పు ఇంకో దారి పట్టింది. 2014 నాటి గ్రంథంలో వైట్ ప్రాణం పీల్చి చంపినవాడు 24 గంటల తరువాత జాంబీగా లేస్తాడు. ఈలోగా బతికించినా, శవాన్ని నాశనం చేసినా లేవడు. ఒక వైట్ అదుపులో పన్నెండు జాంబీలకు మించి ఉండరాదు. భయం పలచబడిందని పాతవారు పెదవి విరిచారు. నాకలా అనిపించదు. శవాన్ని మోసుకుని గుడి దాకా పరుగెత్తాలా, దారిలోనే చితి పేర్చాలా అని ఒక రోజంతా తర్జనభర్జన పడటంలో ఉన్న బరువు, 24 సెకన్ల హడావుడిలో లేదు.

ఏ కూర్పు ఆడినా నిర్వాహకుడికి నా విన్నపం ఒక్కటే. ఎంత గడువు, ఎవరు చంపితే వర్తిస్తుంది, యజమాని పోతే ఏమిటి అన్న మూడు ప్రశ్నలకూ మొదటి పాచిక పడకముందే జవాబు చెప్పండి. పాత్ర పోయాక చెప్పే తాత్పర్యం ఎంత సరైనదైనా, పోగొట్టుకున్నవాడికి అది పక్షపాతంలాగే వినిపిస్తుంది.