పటమును పల్లెయును

భద్రాచలమునకు సుమారు 35 కిలోమీటర్ల దూరమున, గోదావరి తీరమున, దుమ్ముగూడెము మండలములో పర్ణశాల యున్నది. వనవాసకాలమున సీతారాములు ఆకులతో కుటీరము నిర్మించుకొని యిచట నివసించిరని జనుల విశ్వాసము. ఆ పేరే ఆ నేలకు అడవితో గల చుట్టరికమును చాటుచున్నది. ఇట్టి అడవిలో ఏ భాగమును ముందుగా కాపాడవలయును? ధనమును, పనివారును పరిమితముగా నున్నప్పుడు ఎల్లచోట్ల ఒకేసారి పని సాగదు. కావున వరుస నిర్ణయించుకొనక తప్పదు.

ఈ నిర్ణయమునకు నేడు కంప్యూటరు పటములు తోడ్పడుచున్నవి. భూవనరుల పరిశీలనకై 1988లో మన దేశము ఐ.ఆర్.ఎస్.-1ఎ అను ఉపగ్రహమును పంపినది. తరువాత మరికొన్ని వెళ్లినవి. అవి తీసిన చిత్రములను హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రము శోధించి పటములుగా కూర్చుచున్నది. నేల వాలు ఒక పటము, మన్ను స్వభావము ఒక పటము, వాగులు ఒక పటము, చెట్ల చిక్కదనము ఒక పటము. వీనిని గాజుపలకలవలె ఒకదానిపై నొకటి పేర్చి చూచినచో, వాలు ఎక్కువయై చెట్లు పలుచబడిన చోటు బయటపడును. వానకు మన్ను కొట్టుకొనిపోవునది అచటనే. కనుక అది ముందు వరుసలో నిలుచును. కాలినడకన నెలలు పట్టు పని దినములలో ముగియును. ఇది గొప్ప మేలు.

అయినను పటము చెప్పినదే తుదితీర్పు అనుట పొరపాటు. భారత అటవీ సర్వేక్షణ సంస్థ లెక్కలో, హెక్టారునకు తక్కువకాని నేలపై నూటికి పదిపాళ్లు చెట్లు కప్పియున్నచో అది అటవీ విస్తీర్ణమే. అవి ఏ చెట్లు, ఎవరి నేల అను విచారణ అందు లేదు. కాబట్టి జామాయిల్ తోటయు, ఇప్పచెట్ల అడవియు ఆ లెక్కలో ఒకే పచ్చదనము. ఇప్పపువ్వును, తునికాకును ఏరుకొని బ్రతుకు కోయవారికి ఆ రెండును ఒకటి కావు.

ఇక పోడు సంగతి. 2005 డిసెంబరు 13 నాటికి అడవినేలను సాగుచేసికొనుచున్న గిరిజనులకు, 2006 నాటి అటవీ హక్కుల చట్టము నాలుగు హెక్టార్లకు మించకుండ హక్కు నిచ్చినది. నడుమ ఇప్పచెట్లను నరకక విడిచిన చెలక ఆకసమునుండి అడవిగా తోచవచ్చును. ఆ చిత్రము నొక్కదానినే నమ్మినచో ఒక కుటుంబమునకు అన్నము కరవగును. అందుచేతనే 2012లో సవరించిన నియమములు, ఉపగ్రహ చిత్రము ఇతర సాక్ష్యములకు తోడు కావచ్చునే గాని వానికి బదులు కారాదని విధించినవి. ఆ నియమము న్యాయమైనది.

పటమునకు పక్షపాతము లేదని కొందరందురు. నిజమే. కాని ఏ పటమునకు ఎంత విలువ నీయవలెనో నిర్ణయించువాడు మనుష్యుడే గదా! హక్కుల విచారణను ప్రారంభించు అధికారము చట్టము గ్రామసభకే యిచ్చినది. అడవిని కాపాడు పటమును సైతము మొదట ఆ సభలోనే పరచవలయును. ఏ వాగు ఎండినదో, ఏ గట్టు జారుచున్నదో, ఏ చెలక ఎవరి తాతలనాటిదో అచటి పెద్దలు వ్రేలు పెట్టి చూపగలరు. తమ మాటకు చోటు దొరకిన పటమును వారు తమదిగా భావింతురు. తమదనుకొన్న అడవిని ఎవరును చెప్పకయే కాపాడుకొందురు.