కారు కొనుక్కో తమ్ముడూ, బస్సు అడగడం మాత్రం మానకు!



గత నెల అంబత్తూరులో మన గేటు మీటింగు ముగిశాక ఒక చిన్న సంగతి జరిగింది. స్పిన్నింగులో పనిచేసే ఒక కుర్రాడు సెకండ్ హ్యాండులో కొన్న చిన్న ఎర్ర కారులో వచ్చాడు. చుట్టూ పదిమంది మూగారు. మన పెద్దల్లో ఒకాయన "కార్మికుడికి కారెందుకురా? నువ్వు కూడా యజమానివైపోయావా?" అని ఎగతాళి చేశాడు. కుర్రాడి ముఖం చిన్నబోయింది. పక్కనున్న ఇంకొకడు "ఇదీ ఒక కారేనా అన్నా? ఇంకో మూడు లక్షలు లోను తీస్తే పెద్ద బండి వచ్చేది. ఏడేళ్లు డ్యూ కడితే సరి" అన్నాడు.

ఆ ఇద్దరి మాటలూ తప్పే. మొదటి మాట కార్మికుణ్ణి కించపరుస్తుంది. రెండో మాట కార్మికుణ్ణి ముంచుతుంది. ఈ రెండింటి మీదా మన యూనియన్ అభిప్రాయం ఏమిటో బాహాటంగా చెప్పాల్సిన సమయం వచ్చింది.

సరదా కార్మికుడికి నేరమా?

మే డే నాడు జెండా ఎగరేసి మనం చెప్పుకునేదేమిటి? ఎనిమిది గంటల పని, ఎనిమిది గంటల విశ్రాంతి, ఎనిమిది గంటలు మన ఇష్టం. 1886లో చికాగో కార్మికులు రక్తం చిందించింది దీనికోసమే. 1923లో ఇదే మద్రాసులో సింగారవేలు చెట్టియార్ దేశంలో మొట్టమొదటి మే డే జరిపింది దీనికోసమే. ఆ మూడో ఎనిమిది గంటల్లో సరదా ఉండకూడదని ఎవరు రాశారు? ఆదివారం పెళ్లాం బిడ్డలను ఎక్కించుకుని తిరుత్తణికో కాళహస్తికో పోయి రావడం, వానలో తడవకుండా ఇల్లు చేరడం, తన చేత్తో తాను గేరు మార్చి బండిని మలుపు తిప్పుతుంటే కలిగే చిన్న సంతోషం, ఇవి యజమానుల ఆస్తి కావు.

కానీ మనకు మూడో ఎనిమిది గంటలు మిగులుతున్నాయా? అసలు ప్రశ్న అది. పెరంబూరులో బి అండ్ సి మిల్లు నడిచిన రోజుల్లో చుట్టుపక్కల పేటల కార్మికులు సైరన్ విని నడిచి మిల్లుకు పోయేవారు. 1918 ఏప్రిల్ 27న పుట్టిన మద్రాసు లేబర్ యూనియన్‌కు బి.పి. వాడియా అధ్యక్షుడు. మధ్యాహ్నం తిండికి దొరికే ఆ కాసిని నిమిషాలు చాలడం లేదన్న గోడు ఆ యూనియన్ పుట్టుకకు ఒక కారణం. అంటే మన ఉద్యమం మొదటి నుంచీ నిమిషాల కోసం పోరాడిందే. 1996లో ఆ మిల్లు మూతపడింది. ఆ స్థలంలో పెద్ద పెద్ద అపార్ట్‌మెంట్లు లేచాయి. అద్దెలు కట్టలేక మనవాళ్లు ఆవడి, తిరునిన్రవూరు, తిరువళ్లూరు దాకా జరిగిపోయారు. దూరం మనం కోరుకున్నది కాదు, మన నెత్తిన పెట్టింది. పోను గంట, రాను గంట. ఆ రెండు గంటలకు కూలి ఎవరిస్తున్నారు? ఎవరూ ఇవ్వరు. అవి మన మూడో ఎనిమిది గంటల్లోంచి కోసుకున్నవే.

మనలో చాలామంది మొదటి బండి సైకిలు. 1949లో స్థాపించిన టీఐ సైకిల్స్ ఇదే అంబత్తూరులో దాన్ని తయారుచేసింది. తర్వాత మోపెడ్, తర్వాత మోటారు సైకిలు. ఇప్పుడు కారు. ఇందులో నవ్వాల్సిందేమీ లేదు.

అంబలి తాగేవాడికి మీసాలెత్తేవాడు

ఇక రెండో మాట. "డ్యూ కడితే సరి." ఎంత తేలికగా అంటారు! కాగితం, పెన్సిలు తీసుకుందాం.

2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గింది. మారుతి ఎస్-ప్రెస్సో మూడున్నర లక్షల దగ్గర, ఆల్టో కె10 మూడు లక్షల డెబ్భై వేల దగ్గర మొదలయ్యాయి. అది షోరూము బోర్డు మీది ధర మాత్రమే. తమిళనాడులో ఐదు లక్షల లోపు కారుకు 2023 నవంబరు నుంచి రోడ్డు టాక్సు 12 శాతం. ఇన్సూరెన్సు వేరు. అన్నీ కలిసి బండి రోడ్డు మీదికి వచ్చేసరికి నాలుగు లక్షలు దాటుతుంది.

అందులో మూడున్నర లక్షలు పది శాతం వడ్డీకి లోను తీశావనుకో. ఐదేళ్లకైతే నెలకు సుమారు 7,440 రూపాయలు. ఏడేళ్లకైతే 5,810. ఏడేళ్లది తేలికని అనిపిస్తుంది. కానీ ఐదేళ్లలో వడ్డీ 96 వేలు, ఏడేళ్లలో లక్షా 38 వేలు. తేలిక చేసినందుకు మరో 42 వేలు గుంజుకున్నారన్నమాట.

ఇంటి నుంచి మిల్లుకు 12 కిలోమీటర్లు అనుకుందాం. రాను పోను 24. నెలకు 26 రోజులకు 624 కిలోమీటర్లు. పాడి, అంబత్తూరు ట్రాఫిక్‌లో లీటరుకు 18 వస్తే గొప్ప. లీటరు వంద రూపాయలని వేసుకున్నా నెలకు 3,470. సర్వీసు, టైర్లు, ఇన్సూరెన్సు కలిపి నెలకు 1,500 పక్కన పెట్టాలి. ఐదేళ్ల లోనుతో మొత్తం 12,410. నెలకు ఇరవై వేలు తెచ్చుకునేవాడికి మిగిలేది 7,590. ఇంటద్దె, బియ్యం, పిల్లల ఫీజు అందులోనే. అంబలి తాగేవాడికి మీసాలెత్తేవాడు ఒకడంటే ఇదే.

డబ్బు ఒక్కటే కాదు. నేను ఎక్కువగా భయపడేది వేరే. సమ్మె నోటీసు మీద సంతకం పెట్టమని అడిగినప్పుడు వెనక్కి తగ్గేవాళ్లలో పిరికివాళ్లు తక్కువ, అప్పులున్నవాళ్లు ఎక్కువ. అయిదో తేదీ డ్యూ గుర్తొస్తే ఎంతటి ధైర్యవంతుడి పెన్ను అయినా ఆగుతుంది. ఓవర్‌టైం వద్దనలేడు. మేస్త్రీ నోటికొచ్చినట్టు తిట్టినా ఎదురు చెప్పలేడు. ఒక యజమాని చాలక ఇంకో యజమానిని జేబులోంచి డబ్బిచ్చి తెచ్చుకున్నట్టు అవుతుంది. బండి లాక్కోవడానికి రౌడీలను పంపడం చట్టసమ్మతం కాదని సుప్రీంకోర్టు 2007లోనే చెప్పింది. అలా ఎవరైనా వస్తే యూనియన్ ఆఫీసుకు రండి. కానీ అక్కడి దాకా తెచ్చుకోకపోవడమే తెలివి.

మరి ఏ కారు కొనాలి?

నేను చెప్పే సూత్రం ఒకటే: చేతిలో డబ్బుతో కొనగలిగిందే నీ కారు. చీటీ పాడుకున్న డబ్బు, బోనసు డబ్బు కలిపి ఎంత వస్తే అంత. నెలవారీ ఖర్చు నాలుగు రోజుల కూలి దాటకూడదు. ఇరవై వేల జీతానికి అది సుమారు మూడు వేలు. ఒక్కడివే రోజూ కారులో వస్తే పెట్రోలుకే అది చాలదు. ఒకే షిఫ్టు, ఒకే దారి ఉన్న నలుగురు కలిసి పెట్రోలు పంచుకుంటే తలకు 870 పడుతుంది. నీ నిర్వహణ ఖర్చు కలిపినా రెండు వేల నాలుగు వందల లోపే. అయితే తోటివాళ్ల దగ్గర సీటుకింత అని కిరాయి మాత్రం వసూలు చేయకండి. సొంత బోర్డు కారును కిరాయికి తిప్పడం చట్టవిరుద్ధం, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సువాడు చేతులెత్తేస్తాడు.

చిన్న కారంటే చులకన వద్దు. ఎస్టేటు సందుల్లో, లారీల మధ్య, ఓటీ దగ్గర జనంలో చిన్నబండి ఇచ్చే సుఖం పెద్దబండి ఇవ్వదు. తేలికైన బండికి చిన్న ఇంజనే చాలు, హుషారుగా లాగుతుంది. 1983 డిసెంబరులో వచ్చి 2014 జనవరి దాకా తయారైన మారుతి 800ను దేశం అంతగా ప్రేమించింది అందుకే. 1998లో మన శ్రీపెరుంబుదూరు పక్కన తయారీ మొదలైన హ్యుందాయ్ శాంత్రో పేరు తెచ్చుకున్నదీ అందుకే.

నానో సంగతి గుర్తుందా? 2008 జనవరిలో లక్ష రూపాయల కారంటూ చూపించారు. 2009లో అమ్మకానికి వచ్చింది. ఇంజను వెనక, రెండు సిలిండర్లు, ఇరుకు సందులో కూడా గిర్రున తిరిగే బండి. అయినా 2018 నాటికి తయారీ దాదాపు ఆగిపోయింది. చౌక కారని ముద్ర వేయడం పొరపాటైందని రతన్ టాటాయే తర్వాత ఒప్పుకున్నాడు. పేదవాడికి ఏదో ఒకటి చాలు అనుకునేవాళ్లకు అది గుణపాఠం. ఆ ఫ్యాక్టరీ కోసం సింగూరులో రైతుల భూములు తీసుకోవడం, వాళ్లు తిరగబడటం, చివరికి ఫ్యాక్టరీ గుజరాత్‌కు పోవడం కూడా మరువకండి. కార్మికుడు తక్కువ ధర కోరుకుంటాడు, తక్కువ మర్యాద కోరుకోడు.

పాత కారు కొనేటప్పుడు మన చెవిని మనం నమ్మాలి. రింగు ఫ్రేము పక్కన నిలబడి ఏ కదురు సరిగా తిరగడం లేదో శబ్దం విని చెప్పేవాళ్లం మనం. ఇంజను చల్లగా ఉన్నప్పుడే స్టార్టు చేయించండి. ముందే వేడి చేసి ఉంచితే అనుమానించండి. నీలి పొగ వస్తే ఇంజను నూనె తాగుతోందని అర్థం. స్టీరింగు వదిలితే బండి ఒక పక్కకు లాగుతోందా చూడండి.

అంబత్తూరులో ఇంకో పరీక్ష తప్పదు. 2015 డిసెంబరు వరదలో, 2023 డిసెంబరు మిచౌంగ్ తుఫానులో ఎన్ని వాహనాలు మునిగాయో మనం కళ్లారా చూశాం. తుఫానప్పుడు మన ఎస్టేటే చెరువైంది. అలా మునిగిన కార్లు కడిగించుకుని మెరుస్తూ అమ్మకానికి వస్తాయి. నేనూ మోసపోయాను. 2016లో ఒక బ్రోకరు మాట నమ్మి కొన్న కారులో నెల తిరక్కముందే వైర్లన్నీ పచ్చగా పట్టిపోయాయి. కాలికింది మ్యాటు ఎత్తి చూస్తే ఎండిన బురద. కొనేముందు ఎత్తి చూడాల్సింది! సీటు కింది ఇనుప పట్టాల తుప్పు, బెల్టును చివరిదాకా లాగితే కనిపించే మరక, మూసిన కారులోని ముక్కవాసన, ఈ మూడూ అబద్ధం చెప్పవు. నీళ్లలో ఆగిపోయిన బండిని మళ్లీ మళ్లీ స్టార్టు చేయకండి, ఇంజను పగిలిపోతుంది.

కాగితాల విషయంలో మొహమాటం వద్దు. ఆర్.సి. బుక్కులో ఫైనాన్సు పేరు ఉంటే ఎన్.ఓ.సి., ఫారం 35 చేతికి రానిదే డబ్బివ్వకండి. ఫారం 29, 30 మీద సంతకాలు తీసుకుని వెంటనే పేరు మార్పించుకోండి. ఇన్సూరెన్సు కూడా 14 రోజుల్లో మీ పేరుకు మారాలి. పదిహేనేళ్లు దగ్గర పడ్డ బండికి మళ్లీ రిజిస్ట్రేషన్ ఖర్చుందని బేరంలో గుర్తుపెట్టుకోండి.

"మీకు కార్లున్నాయి కదా!"

ఇప్పుడు అసలు ప్రమాదానికి వస్తున్నాను. గేటు ముందు పది కార్లు కనబడితే చర్చల బల్ల దగ్గర యాజమాన్యం అనే మాట ముందే నాకు తెలుసు: "మీవాళ్లకు కార్లున్నాయి కదా, ఇంక బస్సెందుకు?" సోదరులారా, నువ్వు నీ డబ్బుతో కొన్న బండి వాళ్ల బాధ్యతను రద్దు చేయదు. ఇంట్లో వంట చేసుకుంటున్నామని క్యాంటీను మూసేస్తామంటే ఒప్పుకుంటామా?

కారు కొనలేని కాంట్రాక్టు చెల్లెలు, బదిలీ తమ్ముడు తెల్లవారుజామున షేర్ ఆటోకు నిలబడి ఉంటారు. 2021 మే నుంచి మామూలు టౌన్ బస్సుల్లో స్త్రీలకు టికెట్టు లేకుండా చేశారు, మంచిదే. కానీ రాత్రి షిఫ్టు వదిలే వేళకు ఆ బస్సు ఏది? స్త్రీలను రాత్రి షిఫ్టులో పెట్టుకునే ఫ్యాక్టరీ వాళ్లను ఇంటి నుంచి తెచ్చి ఇంటి దగ్గర దించాలని మద్రాసు హైకోర్టు 2000 డిసెంబరులోనే షరతు పెట్టింది. అది దయాధర్మం కాదు.

మిల్లుకు వచ్చే దారి కూడా పనిలో భాగమేనని చట్టం మెల్లమెల్లగా ఒప్పుకుంటోంది. ఇంటికీ పనికీ మధ్య జరిగే ప్రమాదాన్ని, పనితో దానికి సంబంధం ఉంటే, పని ప్రమాదంగానే చూడాలని 2010లో ఈఎస్ఐ చట్టంలో 51-ఈ సెక్షన్ చేర్చారు. మహారాష్ట్రలో ఒక చక్కెర ఫ్యాక్టరీ కాపలాదారు 2003లో తెల్లవారుజాము షిఫ్టుకు మోటారు సైకిలు మీద పోతూ చనిపోయాడు. అలాంటి మరణానికీ నష్టపరిహారం చెల్లించాలని 2025 జులైలో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ కుటుంబం 22 ఏళ్లు ఎదురుచూసింది. కనుక దారిలో ప్రమాదం జరిగితే ఆ రోజే గేటులో నమోదు చేయించండి. సమయం, స్థలం రాయించండి.

ఇంకొక మాట. రాత్రంతా నిలబడి పనిచేసి కునికిపాట్లు పడుతూ స్టీరింగు పట్టుకోకండి. ఆ రోజు కారు గేటు దగ్గరే ఉండనివ్వండి, సీజన్ టికెట్టుతో రైలెక్కి ఇంటికి పోండి.

కాబట్టి మన డిమాండ్లు ఇవి. ప్రతి షిఫ్టుకూ, ముఖ్యంగా రాత్రి షిఫ్టుకు, ఆవడి వైపూ పెరంబూరు వైపూ బస్సు. బస్సు ఇవ్వని చోట ప్రయాణ భత్యం, అది కాంట్రాక్టు వాళ్లకు కూడా. గేటు లోపల కార్మికుల బళ్లకు నీడ, నీళ్లు నిలవని స్థలం.

ఎర్ర కారు తమ్ముడికి చివరి మాట. నీ కారు చూసి మేం సిగ్గుపడం, నువ్వూ సిగ్గుపడకు. డ్యూ లేకుండా కొన్నావని తర్వాత తెలిసింది, శభాష్! వచ్చే గేటు మీటింగుకు అందులో ముగ్గుర్ని ఎక్కించుకుని రా. నిన్ను ఎగతాళి చేసిన పెద్దాయనను ముందు సీటులో కూర్చోబెట్టు. ఆయన చేతికి బస్సు డిమాండు జెండా ఇవ్వు.

కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!