చక్రం ఒకరిది, బండి ఒకరిది

పార్లమెంటు సమావేశాలు లేని వారాలలో ఈ విలేఖరి అప్పుడప్పుడు కాశ్మీరీ గేటు వైపు వెళుతుంటాడు. అక్కడి మోటారు విడిభాగాల బజారులో దొరకని వస్తువు లేదంటారు. ఆ మాట ఎంతవరకు నిజమో గాని, ఒక కంపెనీ కారుకు మరొక కంపెనీ చక్రాలు తగిలించి పంపగల సమర్థులు మాత్రం అక్కడా, కరోల్‌బాగ్‌లోనూ కావలసినంత మంది ఉన్నారు. పదవీ విరమణకు చేరువైన తెలుగు ఉద్యోగి ఒకాయన, నా చిరకాల మిత్రుడు, తన చిన్న కారుకు అటువంటి అల్లాయ్ చక్రాలు నాలుగు వేయించుకున్నాడు. వేరొక కంపెనీ పెద్ద కారు నుంచి విప్పినవి. "నాలుగు రంధ్రాలూ సరిగ్గా కుదిరాయి సాబ్" అన్నాడట దుకాణదారు. కుదిరిన మాట నిజమే. మేమిద్దరమూ మథురకు బయలుదేరి, యమునా ఎక్స్‌ప్రెస్ రహదారి ఎక్కి, గంటకు 80 కిలోమీటర్ల వేగం దాటగానే స్టీరింగు వణకడం ప్రారంభించింది. పక్కకు ఆపి చూస్తే ముందు చక్రానికి రెండు నట్లు చేతి వ్రేళ్ళతోనే తిరుగుతున్నవి.

చక్రం బండికి కుదరడమనేది మనం అనుకున్నంత తేలిక సంగతి కాదు. రంధ్రాల సంఖ్య సరిపోవాలి. ఆ రంధ్రాల కేంద్రాల మీదుగా గీసిన వలయపు వ్యాసం సరిపోవాలి. దీనినే మెకానిక్కులు పి.సి.డి. అంటారు. నడిమి రంధ్రం బండి హబ్ మీద బిగువుగా కూర్చోవాలి. హబ్‌కు ఆనే తలానికీ రిమ్ము మధ్యరేఖకూ నడుమ ఉండే దూరాన్ని ఆఫ్‌సెట్ అంటారు. అది తగ్గితే చక్రం బయటికి పొడుచుకు వచ్చి బేరింగు మీద భారం పెరుగుతుంది.

అందరికీ తెలిసిన రెండు కార్లనే తీసుకుందాము. మారుతి స్విఫ్ట్‌కూ, చాలా ఏళ్ళు మన రోడ్ల మీదికి వచ్చిన హోండా సిటీకీ నాలుగేసి రంధ్రాలే. వలయం 100 మిల్లీమీటర్లే. కనుక ఒకదాని చక్రం మరొకదానికి ఎక్కుతుంది. కాని స్విఫ్ట్ హబ్ 54.1 మిల్లీమీటర్లు, సిటీ చక్రపు నడిమి రంధ్రం 56.1. ఆ ఖాళీని పూరించే ఉంగరం వేయకపోతే చక్రం కేంద్రంలో నిలవదు. అంతటితో అయిపోలేదు. సుజుకి నట్టు కొస శంఖువు ఆకారం. హోండా చక్రంలో నట్టు కూర్చునే గుంట బంతి ఆకారం. శంఖువు ఆ గుంటలో సన్నని అంచు మీద మాత్రమే ఆనుతుంది గనుక ఎంత బిగించినా నమ్మరాదు. పోనీ, హోండా నట్టే వేద్దామంటే మర వేరు. హోండా మరల నడుమ దూరం ఒకటిన్నర మిల్లీమీటరు, సుజుకిది ఒకటింబావు. అంటే ఇద్దరి నట్లూ పనికిరావు. సుజుకి మర, హోండా తల గల మూడవ నట్టు ఒకటి వెతకవలసి ఉంటుంది. చక్రం మంచిదే, కారూ మంచిదే. తప్పంతా పెళ్ళిలో ఉన్నది.

ఫియట్ పుంటో మరీ మోసకరమైనది. దాని వలయం 98 మిల్లీమీటర్లు. 100 వలయపు చక్రం ముందు పెడితే తేడా కంటికి ఆనదు. బలవంతాన బిగిస్తే బోల్టులు వంకరగా దిగుతవి. అంగుళాలు పోయి మెట్రిక్ కొలతలు వచ్చినవని మనం సంతోషించాము గాని, వెనుకటి విల్లీస్ జీపు అయిదున్నర అంగుళాల వలయం 139.7 మిల్లీమీటర్లనే మారువేషంలో మహీంద్రా బొలెరోలోనూ, సుజుకి జిమ్నీలోనూ నేటికీ తిరుగుతున్నది.

ఇంతటి చిక్కు వ్యవహారాన్ని మన చట్టం ఎట్లా చూస్తున్నది? రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట నిర్దేశించినవాటికి భిన్నమయ్యేటట్లు వాహనాన్ని మార్చరాదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అంటున్నది. కేరళ నుంచి వచ్చిన అప్పీలులో 2019 జనవరి 9న సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని ఖండితంగా ధ్రువపరచింది. అయితే మార్పు అంటే వాహనపు మౌలిక లక్షణాన్ని మార్చే నిర్మాణపు మార్పు అని ఆ సెక్షన్‌కే వివరణ ఉన్నది. చక్రం మౌలిక లక్షణమా, కాదా? సొంత కారు పత్రంలో ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు కనబడతవి గాని రంధ్రాల వలయం కనబడదు.

అదే సంవత్సరం పార్లమెంటు ఆమోదించిన సవరణ చట్టం రెండు పనులు చేసింది. అనుమతి లేని రీతిలో విడిభాగాలు అమర్చి వాహనాన్ని మార్చిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధించే నిబంధన చేర్చింది. నాలుగు చక్రాలు ఒక మార్పో, నాలుగు మార్పులో న్యాయకోవిదులు తేల్చాలి. రెండవది, మార్పులకు ప్రమాణాలను, ఆమోదపు షరతులను కేంద్ర ప్రభుత్వం నిర్దేశించవచ్చుననీ, వాటి ప్రకారం మార్చిన వాహనానికి కంపెనీ ఇచ్చిన వారంటీ ఆ కారణాన రద్దు కాదనీ 52వ సెక్షన్‌లో రాసింది. మంచి నిబంధనే. కాని శిక్ష విషయంలో చట్టం తప్పనిసరి భాష మాట్లాడుతుంది, ప్రమాణాల విషయంలో "నిర్దేశించవచ్చు"నంటుంది. శాసనాలు రాసేవారి ఈ అలవాటును ప్రెస్ గ్యాలరీ నుంచి మూడు దశాబ్దాలుగా చూస్తున్నాను. పౌరుడి బాధ్యతకు గడువు ఉంటుంది, ప్రభుత్వ బాధ్యతకు వీలు ఉంటుంది.

కంపెనీలవారి సమాధానం సిద్ధంగానే ఉన్నది: మా చక్రమే వాడండి, గొడవ లేదు. భద్రత పేరిట చెప్పే ఈ మాటను యథాతథంగా స్వీకరించడానికి మనస్సొప్పదు. విడిభాగాలను స్వతంత్ర మరమ్మతుదారులకు అందకుండా చేస్తున్నారని 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు సుమారు 2,545 కోట్ల రూపాయల జరిమానా విధించింది. దానిపై అప్పీళ్ళు, రిట్లు నడిచినవి. ఆపైన, కంపెనీ చక్రమనేది అన్నివేళలా ఆ కంపెనీ చేసినది కాదు. స్టీల్ స్ట్రిప్స్ వీల్స్ వంటి సంస్థలు పరస్పరం పోటీపడే కార్ల కంపెనీలకు చక్రాలు చేసి ఇస్తున్నవి. 2019లో టయోటా విడుదల చేసిన గ్లాంజా మారుతి బలెనోకు మరో పేరే. ఒకదాని చక్రం మరొకదానికి తొడిగితే ముద్ర మారుతుంది తప్ప కొలత మారదు. ముద్రను చూసి తప్పు పట్టే చట్టం కొలతను చూడకపోతే ప్రయోజనమేమి?

మనం అదనపు చక్రాన్ని స్టెప్నీ అంటాము. ఆ మాట వేల్స్ దేశంలోని లనెల్లీ పట్టణపు స్టెప్నీ వీధి నుంచి వచ్చింది. 1904లో అక్కడి డేవిస్ సోదరులు, టైరు బిగించిన వట్టి రిమ్మును పంక్చరైన చక్రానికి పక్కన కొక్కేలతో తగిలించే సాధనాన్ని తయారుచేశారు. కారు ఎవరు చేసినా, చక్రం వారిది. ఇంగ్లీషువారు ఆ పేరును దాదాపు మరచినారు, మనం నిలుపుకున్నాము. పరాయి చక్రంతో ఇల్లు చేరడం మోటారు యుగపు తొలినాళ్ళ నుంచీ ఉన్న అవసరమే.

జర్మనీలో బయటి కంపెనీ చక్రం కొంటే ఏయే నమూనాల కార్లకు, ఏ షరతులతో తగిలించవచ్చునో తెలిపే అనుమతి పత్రం దానితో లభిస్తుంది. తలుపు పక్కన టైరు గాలి ఒత్తిడి అచ్చు వేయగలిగిన కంపెనీలు, వలయం, నడిమి రంధ్రం, ఆఫ్‌సెట్, నట్టు కొలత కూడా అచ్చు వేయలేవా? రవాణా మంత్రిత్వశాఖ తన అధికారాన్ని వాడి ఆ కొలతలను బహిరంగం చేయించి, అవి కలిసిన చక్రాన్ని చట్టబద్ధం చేయాలి. కలవని చక్రాన్ని తెలిసి బిగించిన దుకాణదారుకు కూడా యజమానితో సమానంగా జరిమానా వేయాలి. ఇప్పుడు మొత్తం బరువు తెలియనివాడి మీద పడుతున్నది.

ఆనాడు నట్లు బిగించి, గంటకు 40 కిలోమీటర్లు మించకుండా ఢిల్లీ చేరుకున్నాము. మర్నాడు నా మిత్రుడు తన పాత ఇనుప చక్రాల కోసం దుకాణానికి వెళ్ళాడు. మార్పిడిలో ఇచ్చిన ఆ నాలుగింటినీ దుకాణదారు అప్పటికే మరెవరికో అమ్మివేశాడట. ఏ కారుకు వేశావని అడిగితే, "రంధ్రాలు కుదిరాయి సాబ్" అన్నాడు.