బీఈడీ ఇంటి నుంచే అవుతుందా?

‘కాలేజీకి రానక్కర్లేదు, ఇంటి నుంచే బీఈడీ. పరీక్షలకు వస్తే చాలు’. ఇలాంటి మెసేజ్ మీ ఫోన్‌కీ వచ్చే ఉంటుంది. తెలంగాణ 2024లో 11,062, ఆంధ్రప్రదేశ్ 2025లో 16,347 టీచర్ పోస్టులకు డీఎస్సీ వేశాయి. డిగ్రీ వాళ్లే కాదు, బీటెక్ చదివి ఉద్యోగం దొరకని వాళ్లూ ఎడ్‌సెట్ వైపు చూస్తున్నారు. ఆ ఆశ మీదే ఈ వ్యాపారం.

ముందు రూల్ చూద్దాం. ఎన్‌సీటీఈ 2014 నిబంధనల ప్రకారం బీఈడీ రెండేళ్ల కోర్సు. అందులో రెగ్యులర్ ఉంది, దూరవిద్య ఉంది. ఆన్‌లైన్ లేదు. ఆ దూరవిద్య కూడా అందరికీ కాదు. ఇప్పటికే శిక్షణ పొంది ప్రాథమిక తరగతులు చెబుతున్న టీచర్లకు, లేదంటే ఇంతకుముందే టీచర్ ట్రైనింగ్ కోర్సు రెగ్యులర్‌గా పూర్తిచేసిన వాళ్లకు. నిన్న డిగ్రీ పట్టా అందుకున్న మీకు ఆ దారి లేదు. ‘మేం చూసుకుంటాం’ అని ఏజెంటు అంటే, ఏం చూసుకుంటాడో కాస్త ఆలోచించండి.

నేను ఆన్‌లైన్ చదువుకు వ్యతిరేకిని కాను. ఇంజినీరింగ్‌లో నాకు రాని కోడింగ్ అంతా యూట్యూబ్‌లోనే నేర్చుకున్నా. ఆ ధైర్యంతోనే ఓసారి మా ఊరి ప్రభుత్వ హైస్కూల్లో ఎనిమిదో తరగతికి ‘లూప్’ అంటే ఏంటో చెబుదామని వెళ్లా. ఇరవై స్లైడ్లు తయారుచేసుకున్నా. పది నిమిషాలకే వెనక బెంచీల్లో కబుర్లు మొదలయ్యాయి. ‘అర్థమైందా?’ అంటే ‘అయింది సార్’ అని అందరూ ఒకే గొంతుతో. ఎవరికీ కాలేదని నాకూ తెలుస్తోంది, కానీ ఏం చేయాలో తెలియలేదు. వెనక కూర్చున్న లెక్కల మాస్టారు లేచి, ‘ఒరే, నువ్వు ఆ బెంచీ చుట్టూ మూడుసార్లు తిరుగు. మిగతావాళ్లు లెక్కపెట్టండి. మూడు కాగానే ఆగమనండి’ అన్నారు. అంతే, క్లాసు మొత్తానికి లూప్ అర్థమైపోయింది. నా స్లైడ్లు నా దగ్గరే ఉండిపోయాయి.

ఆ మాస్టారి ఒడుపు వీడియోలో రాదు. అందుకే బీఈడీలో కనీసం 20 వారాలు బడిలో గడపాలని నిబంధన పెట్టారు. మామూలు క్లాసులకు 80 శాతం హాజరు చాలు, బడి ఇంటర్న్‌షిప్‌కు మాత్రం 90 శాతం ఉండాలి. టెట్ ప్రిపరేషన్, సబ్జెక్టు రివిజన్ ఫోన్లో హాయిగా చేసుకోండి. దీక్షా, స్వయం లాంటివి ఉచితమే.

అలాగని రెగ్యులర్ కాలేజీలన్నీ ఒకేలా ఉండవు. ఫీజు కట్టించుకుని, రెండేళ్లూ మీ మొహం చూడకుండానే హాజరు వేసేవీ ఉన్నాయి. పేరుకే రెగ్యులర్, నిజానికి అదీ ఇంటి నుంచి బీఈడీనే. ఇల్లు గడవడానికి పని చేసుకుంటున్న వాళ్లకు, ఊరు దాటి పంపని ఇళ్లలోని అమ్మాయిలకు అది సాయంలాగే కనిపిస్తుంది. వాళ్లను తప్పుపట్టలేను. కానీ అలాంటి వాళ్లు దూరంగా ఉన్న పేరున్న కాలేజీ కన్నా, బస్సు దొరికే దూరంలో ఉండి నిజంగా బడికి పంపే కాలేజీని వెతుక్కోవడం మేలు. ర్యాంకు వస్తే మాసాబ్‌ట్యాంక్ ఐఏఎస్ఈ లాంటి ప్రభుత్వ కాలేజీలకు ముందు ఆప్షన్ పెట్టండి.

ఇంకో సంగతి. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత ఒకటి నుంచి ఐదు తరగతుల పోస్టులకు బీఈడీ పనికిరాదు. మీ లక్ష్యం ఎస్జీటీ అయితే మీరు చదవాల్సింది డీఈఎల్‌ఈడీ.

వెబ్ ఆప్షన్లు పెట్టే ముందు ఆ కాలేజీలో చదివిన సీనియర్ ఒకరిని పట్టుకోండి. ‘నువ్వు నిజంగా ఎన్ని పాఠాలు చెప్పావు? వెనక కూర్చుని ఎవరైనా చూశారా?’ అని అడగండి. ‘రికార్డులు జిరాక్స్ షాపులో కొన్నాం’ అని నవ్వితే, ఆ కాలేజీ కోడ్ మీ లిస్టులోంచి తీసేయండి.